నాది, నీది, తనది, మనది – లాటిను జపములలోని చిన్న మాటలు

(శతవార్షికోత్సవముల సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవమనగానే తొలి మిషనరీల ప్రయాసలను, గుడులు కట్టిన వైనమును, బడులు, వైద్యశాలలు వెలసిన చరిత్రను చెప్పుకొనుట పరిపాటి. వాటిని మాకన్న బాగుగా ఎరిగినవారు ఈ వేదికమీదనే ఉన్నారు. మేము ఎన్నుకొన్న విషయము చాల చిన్నది. లాటిను భాషలో "నా, నీ, తన, మన, మీ" అను మాటలు ఎట్లు నడచునో, మన పెద్దలు నిత్యము వల్లించిన జపములలో అవి ఏమి పని చేసినవో చెప్పుటయే మా ఉద్దేశము. వ్యాకరణమనగానే బడిలో బెత్తము గుర్తుకు వచ్చునేమో! భయపడవద్దు. ఇందులో సగము మీకు తెలిసినదే. తెలుగు వచ్చినవారికి లాటినులోని ఒక కష్టమైన పాఠము పుట్టుకతోనే వచ్చును. అది ఏదో ముందు చెప్పెదము.

రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న దైవార్చనను గూర్చిన శాసనమును వెలువరించి, ప్రజల భాషలకు తలుపు తెరచినది. అంతకు ముందు పూజ అంతయు లాటినులోనే. మన అవ్వలు, తాతలు లాటిను జవాబులను చెవితో విని కంఠస్థము చేసిరి. వారికి అర్థము తెలియదని కొందరు చులకనగా మాటలాడుదురు. అది న్యాయము కాదు. ఏ జపము దేనికొరకో వారికి చక్కగా తెలియును. ఏ మాట ఏ పని చేయుచున్నదో మాత్రము ఎవరును వారికి విప్పి చెప్పలేదు. ఆ విప్పి చెప్పుట ఇప్పటికైనను జరుగవలెనని మా కోరిక. ఎందుకనగా ఆ చిన్న మాటలను తెలుగులోనికి తెచ్చునప్పుడు చేసిన నిర్ణయములతోనే నేడు మనము ప్రార్థించుచున్నాము.

మొదట మాటలు చూతము. అవి అయిదే. మేయుస్ అనగా నా. తువుస్ అనగా నీ. సువుస్ అనగా తన లేక తమ. నోస్తెర్ అనగా మా లేక మన. వేస్తెర్ అనగా మీ. తెలుగులో "నా" అను మాట ఎక్కడ పెట్టినను "నా"యే. నా కొడుకు, నా కూతురు, నా ఇల్లు, నా గొడ్లు. లాటినులో అట్లు కాదు. ప్రక్కన ఉన్న నామవాచకము పురుషలింగమైనచో మేయుస్, స్త్రీలింగమైనచో మేయా, నపుంసకమైనచో మేయుం. ఆ నామవాచకము బహువచనమైనను, విభక్తి మారినను ఇదియు దానితోపాటు మారును. హిందీ, ఉర్దూ విన్నవారికి ఇది వింత కాదు. మేరా బేటా, మేరీ బేటీ అనుటలేదా? తండ్రి పలికినను తల్లి పలికినను కొడుకు "మేరా"యే, కూతురు "మేరీ"యే. సొంతదారు ఎవరన్నది లెక్కలేదు; సొంతమైన వస్తువును బట్టియే రూపము.

అందుచేతనే పాపసంకీర్తన జపములో రొమ్ము కొట్టుకొనుచు "మేయా కుల్పా" అని మీసములున్న తాతగారును అన్నారు, అవ్వగారును అన్నారు. కుల్పా అనగా తప్పు, అది స్త్రీలింగము. కనుక చెప్పువారు ఎవరైనను మేయా. లాటినులో ఇట్టి మాట సాధారణముగా నామవాచకము వెనుక నిలుచును. ముందుకు వచ్చినదనగా కొంత నొక్కి చెప్పుట. ఇక్కడ "మేయా" ముందు నిలిచి, తప్పు మరియెవరిదియు కాదు, నాదే అనుచున్నది. 1973 నాటి ఇంగ్లీషు అనువాదములో ఆ మూడుమారుల పలుకును ఒక్కమారుగా కుదించిరి. 2011లో వచ్చిన క్రొత్త ఇంగ్లీషు అనువాదములో మరల మూడుమారులు పెట్టిరి. మా మట్టుకు రెండవదే మేలని తోచుచున్నది. రొమ్ము మూడుమారులు కొట్టుకొను చేతికి మాట ఒక్కమారే దొరుకుట బాగుండదు.

దీనికన్న చక్కని ఉదాహరణ ప్రభువు మాటలలోనే కలదు. పూజలో ఆయన శరీరమును గూర్చి చెప్పునది కోర్పుస్ మేయుం. కోర్పుస్ నపుంసకలింగము. యోహాను సువార్త ఆరవ అధ్యాయములో తన మాంసమును గూర్చి పలుకునప్పుడు కారో మేయా. కారో స్త్రీలింగము. ఆ వెంటనే తన రక్తమును గూర్చి సాంగ్విస్ మేయుస్. సాంగ్విస్ పురుషలింగము. పలికినవాడు ఒక్కడే, తన్ను తానే ఇచ్చుకొనుచున్నాడు. అయినను "నా" అను మాటకు మూడు రూపములు వచ్చినవి. లింగము మాటకే గాని మనిషికి కాదని ఇంతకన్న తేటగా చెప్పలేము.

ఇక పరలోక జపము. లాటినులో దీనిని మొదటి రెండు మాటలతోనే పాతెర్ నోస్తెర్ అని పిలుతురు. ఈ ఒక్క జపము చేతికి వచ్చినచో పాఠము సగము వచ్చినట్లే. పాతెర్ పురుషలింగము గనుక నోస్తెర్. నామము, రాజ్యము అనునవి నపుంసకములు గనుక నోమెన్ తువుం, రేన్యుం తువుం. చిత్తము స్త్రీలింగము గనుక వొలుంతాస్ తువా. ఆహారమును అడుగునప్పుడు రెండవ విభక్తి గనుక పానెం నోస్త్రుం. అప్పులు అనునది నపుంసక బహువచనము గనుక దేబితా నోస్త్రా. అప్పుపడినవారికి అని నాలుగవ విభక్తి వచ్చినప్పుడు దేబితోరిబుస్ నోస్త్రిస్. లెక్కించి చూడుడు, మొత్తము ఏడు. నాలుగు నోస్తెర్, మూడు తువుస్. మేయుస్ ఒక్కటైనను లేదు. తలుపు మూసికొని ఏకాంతముగా జపించు మనిషి సైతము ఇందులో "నా" అనుటకు వీలులేదు. ఈ సంగతిని మూడవ శతాబ్దమునందే కార్తేజు పీఠాధిపతియైన పునీత సిప్రియను ఈ జపముపై వ్రాసిన గ్రంథములో ఎత్తి చూపెను. లూకా సువార్తలోని పాఠము మాత్రము లాటినులో ఒట్టి పాతెర్ అనియే మొదలగును. నోస్తెర్ మత్తయి పాఠములోనిది.

ఇప్పుడు మొదట చెప్పెదమన్న పాఠమునకు వచ్చితిమి. ఇంగ్లీషు మాతృభాషగా గల విద్యార్థి లాటినులో తడబడు చోటు ఇదియే.

యోసేపు అను రైతు, ప్రక్కచేను మత్తయిది అనుకొనుడు. "యోసేపు తన చేను అమ్మినాడు" అన్నచో గొడవ లేదు. "యోసేపు అతని చేను అమ్మినాడు" అన్నచో మత్తయి కర్ర తీసికొని బయలుదేరును. ఇంగ్లీషులో రెంటికిని ఒకే మాట. ఎవరి చేను అమ్ముడుపోయెనో రిజిస్ట్రారు మరల అడుగవలసినదే. లాటినులో తన అనుటకు సువుస్, అతని అనుటకు ఏయుస్. ఆగ్రుం సువుం వెందిదిత్ అనగా తన చేను అమ్మెను. ఆగ్రుం ఏయుస్ వెందిదిత్ అనగా వేరొకని చేను అమ్మెను. క్రియను చేసిన కర్తకే చెందినచో సువుస్, కాదన్నచో ఏయుస్. సువుస్ ప్రక్క మాటను బట్టి రూపము మార్చుకొనును. ఏయుస్ ఎక్కడను మారదు. అది "అతడు, ఆమె, అది" అను సర్వనామమునకు షష్ఠీ విభక్తి రూపము. సొంతదారులు పలువురైనచో ఎయోరుం, అందరును స్త్రీలైనచో ఎయారుం.

హిందీలో "అప్నా" కలదు గదా అందురేమో. అప్నా నాకును, నీకును, వానికిని చెల్లును. లాటిను సువుస్ అట్లు కాదు, మూడవ మనిషికి మాత్రమే. మన "తన" కూడ అంతే. "నేను తన చేను అమ్మినాను" అని తెలుగువాడు తన చేనును గూర్చి ఎన్నడును అనడు. ఈ విషయములో రోమాపురికి మన ఊరు ఢిల్లీకన్న దగ్గర! మరియొక పోలికయు కలదు. అమ్మను చూడ వెళ్ళినాడు అందుము గాని, ఎవరి అమ్మ అని చెప్పము. చెప్పకయే తెలియును. లాటినును సందేహము లేనప్పుడు ఈ మాటలను వదలివేయును. కనుక ఎక్కడ పెట్టినదో అక్కడ కొంత ఆగి చూడవలెను.

అట్లు ఆగి చూడదగినది మరియమాత స్తోత్రగీతము, లూకా సువార్త మొదటి అధ్యాయములోనిది. లాటినులో మాగ్నిఫికాత్ అందురు. సాయంకాల ప్రార్థనలో ప్రతిదినము శ్రీసభ పాడునది ఇది. ఇందులో సువుస్, ఏయుస్ రెండును ఒకదాని వెంట ఒకటి వచ్చును. దేవుని నామము పరిశుద్ధమైనదని చెప్పునప్పుడు నోమెన్ ఏయుస్. అక్కడ కర్త నామమే గాని దేవుడు కాడు, కనుక "ఆయన" నామము. వెంటనే దేవుడు తన బాహువుతో పరాక్రమము చూపినాడని చెప్పునప్పుడు బ్రాకియో సువో. ఇక్కడ కర్త దేవుడే, కనుక "తన" బాహువు. మరియు గీతము చివర అబ్రాహామునకును అతని సంతతికిని అనుచోట సేమిని ఏయుస్. మాట ఇచ్చిన కర్త దేవుడు. సంతతి అబ్రాహామునది. అక్కడ ఏయుస్ బదులు సువో అని ఉన్నచో వాక్యమునకు కర్తయైన దేవుని సంతతి అని అర్థము మారిపోవును. ఒక్క చిన్న మాట అబ్రాహాము బిడ్డలను అబ్రాహాము ఇంటనే నిలిపినది.

అయితే ఇదే గీతములో ఒక ముడి కూడ కలదు. మా పఠన బృందములో దీనిపై రెండు వారములు వాదన సాగినది. గర్విష్ఠులను దేవుడు చెదరగొట్టినాడని చెప్పుచు, వారి హృదయాలోచనను గూర్చి కోర్దిస్ సువి అన్నారు. సూత్రము ప్రకారము కర్త దేవుడు. అట్లయినచో ఆ హృదయము దేవునిదా? అది పొసగదు. గర్వము దేవుని హృదయములోనిది కాదు, చెదరిపోయినవారి హృదయములోనిది. లూకా వ్రాసినది గ్రీకు భాషలో, అక్కడ "వారి హృదయము" అని బహువచనముతో స్పష్టముగా ఉన్నది. మరి లాటినులో సువి ఎట్లు వచ్చినది? దగ్గరగా ఉన్న నామవాచకముతో అర్థము గట్టిగా ముడిపడినప్పుడు సువుస్ కర్తను వదలి దానికి చెందుట ప్రాచీన లాటినులోను కలదు. దానికి తోడు సువుస్‌కు ఇంకొక లోపమున్నది: అది తన, తమ అను భేదము చూపదు. సొంతదారు ఒకడైనను వందమందియైనను సువుస్ ఒక్కటే. తెలుగులో "తమ" అన్న మాత్రాన ముడి విడిపోవును. "తన హృదయము" అన్నచో దేవునిది, "తమ హృదయము" అన్నచో గర్విష్ఠులది. లాటిను చెప్పలేనిది తెలుగు ఒక్క అక్షరముతో చెప్పినది. పరాయి భాష గొప్పదని మన భాషను తక్కువచేసి మాటలాడువారు ఇది గమనించవలెను.

ఏయుస్ మాత్రము లోపము లేనిదా? దానికి లింగము లేదు. అతని, ఆమె, దాని, మూడింటికిని ఏయుస్ ఒక్కటే. ఈ చిన్న లోపము ఒక పెద్ద చర్చలో పాలుపంచుకొన్నది. ఆదికాండము మూడవ అధ్యాయము పదునైదవ వచనములో సర్పము తల చితుకగొట్టువారెవరు? పునీత జెరోము పేరిట శతాబ్దములపాటు మన శ్రీసభలో వాడుకయందున్న లాటిను బైబులులో ఇప్సా అని, అనగా "ఆమె" అని ఉన్నది. సర్పము పొంచియుండునది మాత్రము కాల్కానేయో, మడమకు. ఎవరి మడమ? ఏయుస్. ముందు ఇప్సా అని చదివినచో ఆమె మడమ. మరియమాత పాదము క్రింద సర్పమును చూపు స్వరూపములు ఈ పాఠముతో చక్కగా కలిసిపోవును. హెబ్రీ మూలములో ఆ సర్వనామము పురుషలింగము, స్త్రీ యొక్క సంతానమునకు చెందినది. 1979లో రెండవ జాన్ పౌల్ పాపుగారు ప్రకటించిన నూతన లాటిను బైబులులో ఇప్సా బదులు ఇప్సుం అని దిద్దిరి. లాటినులో సంతానము నపుంసకలింగము గనుక అట్టి రూపము. ఏయుస్‌ను మాత్రము దిద్దవలసిన పని లేకపోయినది! ఆమె మడమ అన్నను, సంతానపు మడమ అన్నను అదే మాట. పొరుగు సంఘములవారితో ఈ వచనముపై వాదము వచ్చినప్పుడు కేకలు వేయకుండ ఈ సంగతి చెప్పినచో చాలునని మా సలహా. మరియమ్మ మీది గౌరవము ఒక సర్వనామము మీద ఆనుకొని నిలుచునది కాదు.

మధ్యలో ఒక చిన్న మాట. మడోన్నా అనగా ఇటలీ భాషలో "నా దొరసాని". అందులో ముందున్న "మ" లాటిను మేయా నుండి దిగివచ్చినదే. ఫ్రెంచివారు "నా" అనక "మా" అని నోత్ర్ దామ్ అనిరి. మోన్సిఞోర్ అని కొందరు గురువులకిచ్చు బిరుదులో "మోన్" అనగా నా. బిరుదులోనే సొంతము చేసికొనుట ఉన్నది.

మరి తువుస్ సంగతి? లాటినులో దేవునికైనను దాసునికైనను ఒక్కరైనచో తువుస్, పలువురైనచో వేస్తెర్. పూజలో గురువు ప్రజలతో మాటలాడునప్పుడు బహువచనము. ప్రజలు గురువు ఆత్మను గూర్చి బదులు చెప్పునప్పుడు తువో అని ఏకవచనము. అక్కడ అగౌరవము ఏమియు లేదు. తరువాతి కాలమున లాటినులోను గౌరవ బహువచనము పుట్టి, పాపుగారిని సాంక్తితాస్ వేస్త్రా, "మీ పరిశుద్ధత" అని పిలుచుట వాడుకైనది. ప్రార్థనలో దేవునికి మాత్రము తువుస్ అట్లే నిలిచినది. తెలుగులో మన కతోలికులు "మీ నామము" అందురు. ఇతర సంఘములవారు "నీ నామము" అందురు. ఎవరిది సరి? లాటినును అడిగినచో అది జవాబు చెప్పదు, ఎందుకనగా ఈ ప్రశ్నయే దానికి తెలియదు. తండ్రిని "నువ్వు" అను ఇండ్లును మనలో ఉన్నవి, "మీరు" అను ఇండ్లును ఉన్నవి. రెండు ఇండ్లలోను బిడ్డలు బిడ్డలే.

"నా ఫొటో" అన్నచో నేను కొన్న ఫొటోయా, నేను కనబడు ఫొటోయా? ఈ సందేహమునకు లాటినులో తరుణోపాయము కలదు. నాకు చెందినది మేయుస్. నన్ను గూర్చినది అనుటకు మేయి అను వేరు రూపము. నన్ను కనికరించుము అనుచోట మిసెరేరే మేయి అందురు. పాత పూజలో ప్రభువు జ్ఞాపకార్థము అనుచోట ఈ మేయి ఉండెడిది. 1969లో ఆరవ పౌలు పాపుగారు ఆమోదించిన నూతన పూజాక్రమములో, సువార్త పాఠమును అనుసరించి, మేయాం అని వచ్చినది. అర్థము ఒక్కటే. నియమము ఎంత గట్టిదైనను అంతటను చెల్లదని తెలియుటకే చెప్పితిమి.

అన్నిటికన్న ముఖ్యమైనది చివరకు మిగిల్చితిమి. ఈ ప్రసంగములో మేము "మేము" అన్నప్పుడెల్ల మా చిన్న పఠన బృందమని, "మనము" అన్నప్పుడు మీరును మేమును కలిసి అని మీరు అడుగకయే గ్రహించితిరి. లాటినుకు ఆ శక్తి లేదు. నోస్తెర్ అనగా మా అయినను కావచ్చును, మన అయినను కావచ్చును. వినువాడు లోపలనా, వెలుపలనా చెప్పదు. గ్రీకు, ఇంగ్లీషు భాషలును ఇంతే. కనుక నోస్తెర్ కనబడిన ప్రతిచోటను తెలుగు అనువాదకుడు ఆగి, ఎవరు ఎవరితో మాటలాడుచున్నారని ఆలోచించి తీరవలెను. పాతెర్ నోస్తెర్ అనునప్పుడు మాటలాడునది తండ్రితోనే. ఆయన తనకు తాను తండ్రి కాడు. కనుక "మా తండ్రీ". "మన తండ్రీ" అన్నచో అన్నదమ్ముల పలకరింపు అగును. విశ్వాసులు తమలో తాము దోమినుస్ నోస్తెర్ అనునప్పుడు "మన ప్రభువు". అదే మాట తండ్రికి చేయు విన్నపము చివర వచ్చినప్పుడో? వినుచున్నది తండ్రి గనుక, మా ఎరుకలో, "మా ప్రభువు" అనుటయే సరి. కాని ప్రసంగములలో "మన ప్రభువు" అని పలికి పలికి, సొంత మాటలతో ప్రార్థించునప్పుడును నోట "మన" అనియే దొరలుచుండును. ప్రార్థన నడిపించు సోదరులు ఇకపై ఒక్క క్షణము ఆలోచించి పలుకగోరుచున్నాము. అది తప్పుపట్టుట కాదు. తెలుగు మనకిచ్చిన సౌకర్యమును వాడుకొనుడని మాత్రమే.

పునరుత్థానుడైన ప్రభువు మగ్దలా మరియతో పలికిన మాట యోహాను సువార్త 20వ అధ్యాయము 17వ వచనములో కలదు. అక్కడ ఆయన తండ్రిని గూర్చి మేయుం అని ఒకమారు, వేస్త్రుం అని ఒకమారు వేరువేరుగా చెప్పెను. నా తండ్రి, మీ తండ్రి. నోస్త్రుం అని కలిపి చెప్పలేదు. ఆయన స్వభావము వలన కుమారుడు, మనము కృప వలన బిడ్డలము అని పునీత అగస్తీను ఈ భేదమును వివరించెను. అయితే రెండు మాటలకును నడుమ ఉన్నది ఎత్, అనగా "మరియు". విడదీసినట్లే విడదీసి, ఒక్క వాక్యములో మనలను తన ప్రక్కనే నిలిపెను. అపొస్తలుల వద్దకు మొదట ఆ "మీ తండ్రి" అను కబురు మోసికొని పరుగెత్తినది ఒక స్త్రీ.